చెంచా చూడగానే పెదవులు బిగించే బాబుకు ఘనాహారం అలవాటు చేయడం ఎలా?

ప్రశ్న (బాబు తల్లి)

మా బాబు 32 వారాలకే పుట్టాడు. సొంతంగా పీల్చి మింగే శక్తి వచ్చేవరకు ముక్కు గొట్టం ద్వారానే పాలు ఇచ్చారు. ఇప్పుడు వాడికి 9 నెలలు నిండాయి; ముందుగా పుట్టిన ఆ 8 వారాలు తీసివేసి లెక్క కడితే 7 నెలలు. సీసాతో పాలు బాగానే తాగుతున్నాడు, నెమ్మదిగానైనా బరువు పెరుగుతున్నాడు, మెడ నిలిచింది, నడుముకు కొద్దిగా ఆసరా ఇస్తే కూర్చుంటున్నాడు.

ఇబ్బందంతా చెంచాతోనే. అది దగ్గరికి వచ్చేసరికి పెదవులు బిగించి ముఖం పక్కకు తిప్పేసుకుంటాడు. పొరపాటున కాస్త గుజ్జు నాలుకకు తగిలితే వెంటనే డోకు వస్తుంది, ఒక్కోసారి అంతకుముందు తాగిన పాలు కూడా కక్కేస్తాడు. బొమ్మలు చేత్తో పట్టుకుని తిప్పితిప్పి చూస్తాడు గాని, ఈ వయసు పిల్లలందరిలా నోట్లో పెట్టుకోవడం మాత్రం చాలా అరుదు.

వాడు నవ్వినప్పుడు చటుక్కున నోట్లో పెట్టెయ్యమని ఒకరు, ఫోన్‌లో ఏదైనా చూపిస్తూ పెట్టమని మరొకరు, పాలు తగ్గిస్తే ఆకలికి వాడే తింటాడని ఇంకొకరు చెబుతున్నారు. ఈ మూడింటిలో ఏదీ చేయడానికి నాకు మనసొప్పడం లేదు. అలాగని ఊరికే ఎదురుచూస్తే వాడికి అందవలసిన పోషణ అందకుండా పోతుందేమోనన్న భయం కూడా ఉంది. ఇటువంటి పిల్లలకు తిండి అలవాటు చేసినవారు, ఈ విషయం తెలిసినవారు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పగలరా?

సమాధానం (పిల్లల ఫీడింగ్ థెరపీ చేసే స్పీచ్ థెరపిస్ట్)

మీరు రాసిన దానిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది, బాబు బొమ్మలను నోటిదాకా తీసుకురావడం లేదన్న సంగతి. పసిపిల్లలకు డోకు పుట్టించే చోటు మొదట్లో నాలుక ముందు భాగానికి దగ్గరగా ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ వేళ్లు, బొమ్మలు, దుప్పటి అంచు నోట్లో పెట్టుకుని చీకుతూ, కొరుకుతూ ఉంటే అది క్రమంగా వెనక్కు జరుగుతుంది. ముక్కు గొట్టంతో పెరిగిన పిల్లలకు ఆ సాధన దొరకదు. పైగా వారి ముఖానికి, నోటికి అంతవరకు తగిలినవి అంటించి పీకిన ప్లాస్టర్లు, గొట్టాలు, కఫం లాగే పరికరాలు. నోటి దగ్గరికి ఏది వచ్చినా బాధే కలుగుతుందని ఆ శరీరం నేర్చుకుని ఉంటుంది కాబట్టి, బాబు పెదవులు బిగించడాన్ని మొండితనంగా ఎవరూ చూడకూడదు. తనను తాను కాపాడుకోవడానికి వాడికి తెలిసిన ఒకే ఒక మార్గం అది.

అయితే ఇంటి దగ్గర ఏ సాధన మొదలుపెట్టే ముందైనా మింగడం సురక్షితంగా ఉందో లేదో తేల్చుకోవాలి. పాలు తాగేటప్పుడు గానీ తాగిన వెంటనే గానీ తరచు పొలమారడం, దగ్గు, గొంతు తడితడిగా గురగురలాడటం, కళ్లవెంట నీరు కారడం, చెమట పట్టడం, పెదవుల చుట్టూ రంగు మారడం, మాటిమాటికి ఛాతీలో ఇన్‌ఫెక్షన్ రావడం వంటివి ఉంటే వెంటనే పిల్లల డాక్టరుకు చెప్పండి. కొందరు పిల్లలకు ఆహారం శ్వాసనాళంలోకి వెళుతున్నా దగ్గు రాదు. అనుమానం ఉన్నప్పుడు మింగుతుండగా ఎక్స్‌రే వీడియో తీసి చూసే పరీక్ష చేస్తారు. కడుపులోని పాలు పైకి తన్నడం, మలబద్ధకం కూడా ఆకలిని చంపేస్తాయి. వాటికి చికిత్స చేయకుండా చెంచాతో ఎంత ఓపికగా కూర్చున్నా ఫలితం తక్కువ.

మీకు వచ్చిన సలహాల విషయంలో మీ మనసు సరిగానే చెప్పింది. నవ్వుతున్నప్పుడు శ్వాసమార్గం తెరుచుకుని ఉంటుంది, నవ్వు ఆపి గాలి పీల్చుకునే ఆ క్షణంలో నోట్లో పెట్టిన ముద్ద ఊపిరితిత్తుల వైపు జారే ప్రమాదం ఉంది. ఫోన్ చూస్తూ మింగిన పిల్లవాడు తాను తింటున్నానని గమనించడు కాబట్టి తినడం నేర్చుకోడు. ఇక ఏడాది లోపు పిల్లలకు పాలే ప్రధాన ఆహారం. తినడం రాని బిడ్డకు పాలు తగ్గిస్తే బరువు తగ్గడమే గాని నమలడం, మింగడం రావు.

కూర్చోబెట్టే తీరుతో మొదలుపెట్టండి. తుంటి, మోకాళ్లు, చీలమండలు మూడూ దాదాపు లంబకోణంలో ఉండాలి, పాదాలు గాలిలో వేలాడకుండా ఏదో ఒకదానిపై ఆనాలి. పక్కకు ఒరిగిపోతుంటే తువ్వాలు చుట్టి నడుముకు ఇరువైపులా పెట్టండి. తన ఒంటిని నిలబెట్టుకోవడానికే శక్తినంతా ఖర్చు చేసే పిల్లవాడికి నాలుకను అదుపు చేయడానికి శక్తి మిగలదు.

తరువాతి పని చేతులది. పాలు తాగిన గంట, గంటన్నర తరువాత, అంటే కడుపు నిండుగానూ లేక, ఆకలితో ఏడుపూ లేని వేళ చూసి, బాబు ముందు పళ్లెంలో కాస్త గుజ్జు వేసి ఆడుకోనివ్వండి. ముట్టుకోవడం, చిదమడం, వాసన చూడటం, వేళ్లు నోటి దగ్గరికి తెచ్చుకోవడం, ఇవన్నీ తినడంలో మెట్లే. మీ వేళ్లతో బాబు భుజం నుంచి చెంపకు, చెంప నుంచి పెదవి అంచుకు మెల్లగా నిమరండి. ఎక్కడ ముఖం తిప్పుకుంటాడో అక్కడ ఆగి, ఒక మెట్టు వెనక్కు రండి. చప్పరించే మెత్తని రబ్బరు బొమ్మను తానే పట్టుకుని నోట్లో పెట్టుకునేలా ఇవ్వండి, కొన్ని రోజుల తరువాత దాన్ని రోజూ తాగే పాలలోనే ముంచి ఇవ్వండి.

చెంచా విషయానికి వస్తే, లోతు తక్కువగా, చిన్నగా, మెత్తగా ఉన్నది ఎంచుకోండి. దాన్ని బాబు కళ్లకు ఎదురుగా, కొంచెం కింది నుంచి తీసుకువచ్చి కింది పెదవికి ఆనీఆనకుండా ఆపి వేచి ఉండండి. వాడే నోరు తెరిచి ముందుకు వంగితేనే లోపలికి పోనివ్వండి. లోపలికి వెళ్లాక నాలుక మధ్యన తేలికగా ఆనించి, పై పెదవి మూసుకుని గుజ్జును తీసుకునేదాకా ఆగి తిన్నగా వెనక్కు తీయండి. చెంచాను పై చిగురుకు రాసి ఖాళీ చేస్తే పెదవికి పని లేకుండా పోతుంది. మొదట్లో చెంచా అంచున అంటుకున్నంత గుజ్జు చాలు. ఒక్కో సారికి 10 నుంచి 15 నిమిషాలు మించవద్దు, ముఖం తిప్పుకున్నా వెన్ను విరుచుకున్నా అక్కడితో ఆపేయండి. ఆపమని వాడు అడిగినప్పుడు మీరు ఆపారన్న నమ్మకమే మరుసటి రోజు వాడి చేత నోరు తెరిపిస్తుంది.

ఇవాళ ఎంత తిన్నాడని కొలవడం కొంతకాలం పక్కన పెట్టి, ఇవాళ తనంతట తాను నోరు తెరిచాడా అన్నది మాత్రం రాసుకోండి.

సమాధానం (గొట్టంతో పాలు తాగిన పాప తల్లి)

మా పాపకు పుట్టుకతోనే గుండె జబ్బు ఉండటంతో ఆపరేషన్ అయ్యేవరకు గొట్టంతోనే పాలు ఇచ్చారు. గొట్టం తీసిన తరువాత చాలా వారాలపాటు చెంచాతో పెట్టినదానిలో పాప మింగింది దాదాపు ఏమీ లేదని చెబితే మీకు కాస్త ధైర్యంగా ఉంటుందేమో. ఇప్పుడు అందరితో పాటు కూర్చుని తింటున్నది.

మాకు బాగా పనిచేసింది రెండు చెంచాల పద్ధతి. ఒకటి పాప చేతికి ఇచ్చేదాన్ని, ఇంకొకటి నా చేతిలో ఉండేది. నేను నా చెంచాను గుజ్జులో ముంచి ఆమె పళ్లెం అంచున ఆనించి పెట్టేదాన్ని, తాను దాన్ని తీసుకుని తన చెంచా నాకు ఇచ్చేది. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనే చెంచా మొదటిసారి నోటిదాకా వెళ్లింది. మొదట దాని కాడను కొరికింది, ఆ తరువాతే గుజ్జు ఉన్న వైపు తిప్పి పెట్టుకుంది.

ఇంకొక చిన్న విషయం. ముద్ద ముద్దకూ మూతి తుడవడం మానేయండి. పెదవికి అంటిన గుజ్జును పాప తన నాలుకతో తానే వెతుక్కునేది, నేను గుడ్డ తీసుకుని రాగానే మళ్లీ బిగుసుకుపోయేది. తినడం పూర్తయ్యాక, చెప్పి, గోరువెచ్చని తడిగుడ్డను చెంప నుంచి మూతి వైపు తీసుకువచ్చి తుడిస్తే సరిపోతుంది. వీలైనంతవరకు ఎవరైనా ఒకరు బాబు ఎదురుగా కూర్చుని అదే పదార్థాన్ని తినండి. నమిలే నోటిని పిల్లలు ఎంత శ్రద్ధగా చూస్తారో గమనిస్తే ఆశ్చర్యం వేస్తుంది.

బాబు తల్లి

ఇద్దరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. దగ్గు, గురగుర వంటివేమీ నేను గమనించలేదు, అయినా ముందు డాక్టరుకు చూపిస్తాను. రెండు సందేహాలు మిగిలాయి. ఇలా నెమ్మదిగా వెళుతున్నంతకాలం పోషణ సంగతి ఏమిటి? డోకు వచ్చినప్పుడు అది మామూలుదో, గొంతుకు అడ్డుపడటమో నాకు ఎలా తెలుస్తుంది? ఆ భయంతోనే నేను కాస్త మందంగా ఉన్న గుజ్జు కూడా ఇవ్వలేకపోతున్నాను.

సమాధానం (పోషకాహార నిపుణురాలు)

ప్రపంచ ఆరోగ్య సంస్థ 6 నెలలు నిండాక ఘనాహారం మొదలుపెట్టి, తల్లిపాలను రెండేళ్లు, ఆపైన కూడా కొనసాగించమంటుంది. తల్లిపాలు తాగే పిల్లలకు 6 నుంచి 8 నెలల మధ్య ఆహారం ద్వారా రావలసినది సగటున రోజుకు 200 కేలరీలే. మిగతాదంతా పాల నుంచే వస్తుంది. 9 నుంచి 11 నెలలకు అది 300 అవుతుంది. మీ బాబును సవరించిన వయసు ప్రకారం 7 నెలల వాడిగా చూస్తే, పాలు సరిగా తాగుతూ బరువు పెరుగుతున్నంతవరకు తిండి నేర్చుకోవడానికి వ్యవధి ఉంది.

ఒక్క ఇనుము విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. బిడ్డ శరీరంలో ఇనుము నిల్వలు ఎక్కువగా చేరేది గర్భంలోని చివరి మూడు నెలల్లో. ఆ కాలం పూర్తికాకుండా పుట్టిన పిల్లలకు నిల్వలు తక్కువగా ఉండి, త్వరగా అయిపోతాయి. అమెరికాలో 7 నుంచి 12 నెలల పిల్లలకు రోజుకు 11 మిల్లీగ్రాముల ఇనుము కావాలని నిర్ణయించారంటే, చెంచా అంచున అంటిన గుజ్జుతో అది తీరే అవసరం కాదని మీకే అర్థమవుతుంది. బాబుకు ఇప్పటికే ఇనుము చుక్కలు రాసి ఉంటే బరువు పెరిగేకొద్దీ మోతాదు మార్చాలేమో అడగండి, రాయకపోతే రక్తపరీక్ష గురించి అడగండి. సొంతంగా మాత్రం మొదలుపెట్టవద్దు, ఇనుము ఎక్కువైనా ప్రమాదమే.

తినే ఆ కొంచెంలోనే బలం ఉండాలి. గుజ్జును నీళ్లతో పలచన చేస్తే కడుపు నిండుతుంది గాని కేలరీలు అందవు. తాను రోజూ తాగే పాలతోనే కలపండి, రుచి కూడా పరిచయమైనదిగా ఉంటుంది. కొద్దిగా నూనె గానీ వెన్న గానీ చేర్చవచ్చు. ఉప్పు, పంచదార వద్దు. ఏడాది నిండేవరకు తేనె అసలే వద్దు, దానివల్ల పసిపిల్లలకు బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. సీసా పాలలో పిండి, గుజ్జు వంటివి కలిపి చిక్కగా చేయమని ఎవరైనా చెబితే డాక్టరును అడగకుండా చేయవద్దు. ఒక రుచిని వద్దన్నంత మాత్రాన దాన్ని శాశ్వతంగా పక్కన పెట్టవలసిన పనిలేదు. చాలామంది పిల్లలు ఒక కొత్త రుచిని ఒప్పుకోవడానికి 8 నుంచి 10 సార్లు, కొందరు అంతకంటే ఎక్కువసార్లు చవిచూడవలసి వస్తుంది.

సమాధానం (స్పీచ్ థెరపిస్ట్)

డోకుకు చప్పుడు ఉంటుంది. ముఖం ఎర్రబడుతుంది, నాలుక ముందుకు వస్తుంది, కళ్లు చెమరుస్తాయి, దగ్గుతూనో కక్కుతూనో బిడ్డ తనే సర్దుకుంటాడు. అప్పుడు మీరు కంగారుపడి వేలు పెట్టకుండా, ముఖంలో భయం కనిపించనీయకుండా, నెమ్మదిగా మాట్లాడుతూ పక్కనే ఉంటే చాలు. గొంతుకు నిజంగా అడ్డుపడినప్పుడు సాధారణంగా చప్పుడు ఉండదు. ఏడవలేడు, దగ్గలేడు, పెదవులు నీలంగా మారతాయి. ఏడాది లోపు పిల్లలకైతే వెంటనే బోర్లా, తల కిందికి ఉండేలా ముంజేతిపై పడుకోబెట్టి భుజాల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా తట్టాలి, అప్పటికీ రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముకపై 5 సార్లు నొక్కాలి, ఈ రెండూ మార్చి మార్చి చేస్తూ అత్యవసర సహాయాన్ని పిలిపించాలి. కనిపించని దాని కోసం నోట్లో వేలు పెట్టి గాలించకూడదు, అది ఇంకా లోపలికి పోతుంది. ఇది చదివి నేర్చుకునే పని కాదు. శిక్షణ ఇచ్చేవారి దగ్గర బొమ్మ మీద చేసి నేర్చుకోండి. అది వచ్చాక మీ చేతికి ధైర్యం వస్తుంది, దాన్ని బాబు కూడా పసిగడతాడు.

మందం గురించి మీరు భయపడటం సహజమే. అయితే పలుచని గుజ్జు దగ్గరే నెలల తరబడి ఆగిపోవడం కూడా మంచిది కాదు. 9, 10 నెలలు దాటేవరకు చిన్న చిన్న పలుకులున్న ఆహారం పరిచయం కాని పిల్లల్లో తరువాత తిండి ఇబ్బందులు ఎక్కువగా కనిపిస్తున్నాయి. నునుపైన గుజ్జును తనంతట తాను తీసుకోవడం మొదలుపెట్టగానే, అదే పదార్థాన్ని మరికాస్త చిక్కగా చేయండి, చెంచాను పక్కకు వంచితే ముద్దగా జారి పడేటంత. ఆ తరువాత ఫోర్కుతో చిదిమి, 2 మిల్లీమీటర్లకు మించని మెత్తని పలుకులు ఉండేలా చూడండి. రుచిని, మందాన్ని ఒకే రోజు మార్చవద్దు. పలుచని ద్రవంలో గట్టి ముక్కలు తేలే పదార్థాలు ఇటువంటి పిల్లలకు అన్నిటికంటే కష్టం, ద్రవం ముందు జారిపోయి ముక్క వెనక మిగిలిపోతుంది; వాటిని చివరికి వదిలేయండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు బాబు పాలు తాగుతున్నప్పుడు ఒకటి, చెంచా దగ్గరికి తెచ్చినప్పుడు ఒకటి, పక్క నుంచి మెడ, దవడ కనిపించేలా చిన్న వీడియోలు తీసుకుని వెళ్లండి. పరీక్ష గదిలో ఆ సమయానికి బాబు ఏడవవచ్చు, నిద్రపోవచ్చు, అసలు నోరే తెరవకపోవచ్చు. ఇంట్లో తీసిన రెండు నిమిషాల వీడియో ఉంటే మింగే పరీక్ష అవసరమో కాదో, ఫీడింగ్ థెరపీకి పంపాలో లేదో వారికి అప్పటికప్పుడే తెలుస్తుంది.