‘ఏకైకం’: అంకగణిత ప్రాథమిక సిద్ధాంతంలో ఈ మాటకు అర్థం ఏమిటి?

ప్రశ్న (కందుకూరు నుంచి):
మా అమ్మాయి పదో తరగతి. ప్రతి సంయుక్త సంఖ్యనూ ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాయవచ్చు, కారణాంకాల క్రమం ఎలా ఉన్నా ఆ లబ్ధం ఏకైకం అని బడిలో చెప్పారట. ‘12ను 2×6 అనీ, 3×4 అనీ రాస్తాం కదా, మరి ఏకైకం ఎలా అవుతుంది?’ అని అడుగుతోంది. ఏం చెప్పాలండీ?

జవాబు (నెల్లూరు నుంచి):
అమ్మా, మీ అమ్మాయి పట్టుకోవలసిన మాటనే పట్టుకుంది. 6, 4 ప్రధాన సంఖ్యలు కావు, వాటిని ఇంకా విడగొట్టాలి. అప్పుడు 2×6 కాస్తా 2×2×3 అవుతుంది, 3×4 ఏమో 3×2×2 అవుతుంది. రెండు చోట్లా అవే రెండు 2లు, ఒక 3.

నేను ఈ పాఠం చెప్పేటప్పుడు మార్కాపురం పలక ఒకటి తెప్పించి, మధ్యలో గీత గీసి, 360ని ఒక పక్క 36×10గా, మరో పక్క 18×20గా మొదలుపెట్టించేవాణ్ణి. ఇద్దరు పిల్లలు చెరో పక్కా విడగొడుతూ కిందికి దిగితే చివరికి ఇద్దరికీ మూడు 2లు, రెండు 3లు, ఒక 5 మిగిలేవి. ‘ఏకైక కుమారుడు’ అంటే ఇంకో కొడుకు లేడని కదా. ఇక్కడ ఇంకో జాబితా లేదని.

ఇందులో వింత ఏముంది అనుకోకండి. 1, 5, 9, 13, 17, 21... ఇలా 4తో భాగిస్తే 1 శేషం వచ్చే సంఖ్యలే లోకంలో ఉన్నాయనుకుందాం. వీటిలో ఏ రెండింటిని గుణించినా ఇదే వరుసలోని సంఖ్య వస్తుంది. 3, 7 ఈ వరుసలో లేవు కాబట్టి 9, 21, 49లను ఇక్కడ విడగొట్టలేం. ఇప్పుడు 441 తీసుకోండి. అది 9×49, అదే 21×21. విడగొట్టడం రెండు దారుల్లోనూ పూర్తయింది, జాబితాలు మాత్రం వేరు! లబ్ధంగా రాయగలిగాం, ఏకైకత్వం పోయింది.

మన మామూలు సంఖ్యల్లో అలా జరగకుండా కాపాడేది యూక్లిడ్ నిరూపించిన ఒక గుణం: ఒక ప్రధాన సంఖ్య రెండు సంఖ్యల లబ్ధాన్ని శేషం లేకుండా భాగిస్తే, ఆ రెండింటిలో ఒకదాన్నయినా భాగించి తీరాలి. పై వరుసలో 9 ఆ పని చేయలేదు: 21×21ని భాగిస్తుంది, 21ని భాగించదు. సిద్ధాంతాన్ని స్పష్టంగా చెప్పి పూర్తిగా నిరూపించింది గౌస్, 1801లో.

ఒంగోలు నుంచి:
మాస్టారూ, 1ని ప్రధాన సంఖ్యల్లో చేర్చకపోవడానికీ ఇదేనా కారణం?

నెల్లూరు:
ముఖ్యమైన కారణం ఇదేనండి. చేరిస్తే 12 = 1×2×2×3 = 1×1×2×2×3, ఇలా ఎన్ని రకాలుగానైనా రాసుకుంటూ పోవచ్చు.

కందుకూరు:
చాలా సంతోషం మాస్టారూ. 4 ఘాతం (4, 4×4, 4×4×4... ఇలా వచ్చే సంఖ్య) ఏదైనా సున్నాతో ముగుస్తుందా అనే లెక్క కూడా ఇచ్చారట. దానికీ దీనికీ సంబంధం ఉందా?

నెల్లూరు:
ఉందమ్మా. సున్నాతో ముగియాలంటే ఆ సంఖ్య కారణాంకాల్లో 5 ఉండాలి. 4 ఘాతాన్ని విడగొడితే అన్నీ 2లే. పిల్లలు ‘5 లేదు కాబట్టి ముగియదు’ అని రాసి వదిలేస్తారు. వేరే దారిలో విడగొడితే 5 వస్తుందేమో అనే అనుమానానికి సమాధానం అక్కడ రాయాలి: కారణాంకాల జాబితా ఏకైకం, కనుక ఏ దారిలోనూ 5 రాదు. ఆ ఒక్క వాక్యం అమ్మాయి చేత తప్పకుండా రాయించండి.