వీ-క్రాస్ ఇచ్చేసి హైలక్స్ తీసుకోవాలా, ఫార్చ్యూనర్‌కి వెళ్లాలా?

నమస్కారం. మేం ఉండేది బెంగళూరు కె.ఆర్.పురంలో. నా దగ్గర 2017 ఇసుజు వీ-క్రాస్ పికప్ ట్రక్కు ఉంది. 2.5 లీటర్ల డీజిల్, మాన్యువల్. మన శ్రీసిటీలో తయారైన బండి. మదనపల్లె దగ్గరున్న తోటకి హోసకోటె, చింతామణి మీదుగా దీన్లోనే వెళ్తుంటాం. మామిడి క్రేట్లు, ఎరువు బస్తాలు, డ్రిప్ పైపులు, ఏం వేసినా మోస్తుంది. ఈ బండంటే నాకు ప్రాణం.

ఇబ్బందల్లా వెనక సీటుతోనే. అమ్మకు నడుము నొప్పి మొదలైంది. వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) బరువు మోయడానికి చేసినవి కదా, లోడు ఉంటే మెత్తగానే పోతుంది. ఖాళీగా ఉంటే మాత్రం ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఎగిరిపడుతుంది. అమ్మ పైకి ఏమీ అనదు, కానీ దిగేటప్పుడు తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోతుంది. అది చూడలేకపోతున్నాను.

అమెరికాలోలా ఎఫ్-150 లాంటి పెద్ద ట్రక్కులు మన షోరూముల్లో లేవు. టయోటా పికప్ హైలక్స్ ఆటోమేటిక్‌లో 2.8 లీటర్ల ఇంజన్, 204 హార్స్‌పవర్. బాగుంది, కానీ వెనక దానికీ కమాన్ కట్టలే. టయోటా వాళ్ల ఎస్‌యూవీ ఫార్చ్యూనర్‌లో అదే ఇంజన్, వెనక మెత్తగా ఉండే కాయిల్ స్ప్రింగులు. అయితే వెనక సామాను వేసే ట్రాలీ ఉండదు, క్రేట్లకు వేరే బండి మాట్లాడుకోవాలి. ధర సంగతి తర్వాత చూసుకుంటాను.

పెద్దవాళ్లను హైలక్స్ వెనక సీట్లో గంటల తరబడి తీసుకెళ్లినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి, వీ-క్రాస్ కంటే నిజంగా తేడా తెలుస్తుందా? లేక ఇదే బండికి మెత్తటి కమాన్ కట్టలు, మంచి షాకబ్జార్బర్లు వేయిస్తే సరిపోతుందా? బెంగళూరులో ఈ పని నమ్మకంగా చేసే మెకానిక్ ఎవరైనా తెలుసా?