తల్లి ఖాతాలో పడిన డబ్బు పిల్లల దాకా వస్తోందా?

బెజవాడ కుర్రాడు:
మొన్న మా బాబాయికీ నాకూ పెద్ద వాదన. పిల్లల చదువుకని ఏపీ ప్రభుత్వం తల్లుల ఖాతాలో వేసే తల్లికి వందనం డబ్బు సగం వైన్ షాపుకే పోతోందంటాడు ఆయన. మా ఇంట్లో పనిచేసే ఆవిడేమో డబ్బు పడిన మర్నాడే కూతురి ఇంటర్ ఫీజు కట్టేసింది. అసలు మీ ఊళ్లల్లో ఏం జరుగుతోంది?

చీరాల అమ్మ:
నాకు ఇద్దరు పిల్లలు. దీనికి ముందు అమ్మ ఒడి పథకం ఉన్నప్పుడు ఎంతమంది ఉన్నా తల్లికి ఒక్కరి డబ్బే వచ్చేది. 2020లో మొదటిసారి పడింది సంక్రాంతి ముందు, 15 వేలు. జనవరిలో కట్టే ఫీజు ఏముంటుంది, జూన్‌లోనే అప్పు చేసి కట్టేశాం కదా, ఆ అప్పు తీర్చాను. ఇది పిల్లల ఖర్చు అవునో కాదో మీ బాబాయిగారినే చెప్పమనండి. 2025లో తల్లికి వందనం కింద జూన్‌లోనే ఇద్దరికీ పడింది, స్కూల్ నిర్వహణకని తలా 2 వేలు పట్టుకుని 13 వేల చొప్పున. ఆ ఏడాది వడ్డీకి తేలేదు, పైగా రెండేళ్లుగా వాయిదా వేస్తున్న చిన్నదాని కళ్లద్దాలు కూడా చేయించాను. ఏటీఎం కార్డు నా దగ్గరే ఉంటుంది లెండి.

లెక్కల మాస్టారు:
ఆ కార్డు ఎవరి దగ్గరుందన్నదే అసలు సంగతి. దక్షిణాఫ్రికాలో 1990ల్లో నల్లజాతివాళ్లకి వృద్ధాప్య పింఛను బాగా పెంచారు. ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో లెక్క తీస్తే, నానమ్మో అమ్మమ్మో అందుకున్న ఇళ్లల్లో ఆడపిల్లల ఎదుగుదల మెరుగైంది, తాత అందుకున్న చోట ఆ తేడా కనపడలేదు. మందు సంగతికొస్తే, చాలా దేశాల అధ్యయనాలు కలిపి చూసిన ఆర్థికవేత్తలు డేవిడ్ ఎవాన్స్, అన్నా పొపోవాలకి నగదు ఇచ్చినందుకు తాగుడు ఖర్చు పెరిగినట్టు తేలలేదు. కాకపోతే ఫీజు రసీదు చూపించినంత మాత్రాన బాబాయి ఓడిపోడు. ఫీజు ఈ డబ్బుతో కడితే కూలి డబ్బు మిగులుతుంది, ఆ మిగిలింది ఎటు పోయిందో చూడాలి కదా.

ఫీజు కౌంటర్:
నేనొక ప్రైవేటు స్కూల్ ఆఫీసులో చేస్తాను. డబ్బు పడిన వారం మా కౌంటర్ దగ్గర క్యూ ఉంటుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఒక ఏడాది పథకం డబ్బు వస్తుందని తెలిసే మావాళ్లు ఫీజు 3 వేలు పెంచారు. తల్లి ఖర్చు పెట్టింది, కాగితం మీద చదువు ఖర్చు పెరిగింది. పిల్లకి అదనంగా ఏం దక్కింది? బెంచీ కూడా మారలేదు.

బెజవాడ కుర్రాడు:
ఇదంతా బాబాయికి చదివి వినిపించా. వైన్ షాపు ఊసెత్తట్లేదు, ఇప్పుడు "కళ్లద్దాలకి అంతవుతుందా" అని మొదలెట్టాడు.