ఉత్తమ సేవకుడిని ఏటా ఎంచడం అవసరమా? ఫ్రాటర్నల్ సొసైటీల పురస్కారాలపై చర్చ

విస్కాన్సిన్ వాసి:

అమెరికాలో ఫ్రాటర్నల్ బెనిఫిట్ సొసైటీలని ఒక పాత ఏర్పాటు ఉంది. ఒకే మతం వారో, ఒకే దేశం నుంచి వలస వచ్చినవారో, ఒకే రకం పని చేసుకునేవారో కలిసి పెట్టుకున్న సంఘాలవి. వాటాదారులు ఉండరు, సభ్యులే యజమానులు. సభ్యుడికి బీమా ఉంటుంది. ఊరూరా ఉండే శాఖలు క్రమం తప్పక కలుసుకుంటాయి, తమవారికీ ఊరికీ కావలసిన పనులు చేస్తాయి. నేను చాలాకాలంగా అలాంటి ఒక సొసైటీలో సభ్యుణ్ణి. పేరు చెప్పను.

ఈ సొసైటీలకు రాష్ట్రాలవారీగా సమాఖ్యలు ఉన్నాయి. అవి ఏటా 'ఫ్రాటర్నలిస్ట్ ఆఫ్ ది ఇయర్' అని ఒకరిని ఎంచి సత్కరిస్తాయి. ఈసారి మా శాఖలో రెండు పేర్లు వచ్చాయి. ఒకాయన ఆహార సేకరణ కార్యక్రమాలు బాగా నడిపారు. సేవ చేసిన గంటల లెక్కా ఫోటోలూ పక్కాగా ఉన్నాయి. రెండోవారు రిటైరైన నర్సు. ముసలి సభ్యులను తన కారులో డయాలసిస్‌కు తీసుకెళ్లి, అయ్యేదాకా కూర్చుని, ఇంటి దగ్గర దింపి వస్తారు. ఆమె ఏ రోజూ గంటలు రాసుకోలేదు. దరఖాస్తులో గంటల గడి ఖాళీగా ఉందని పేరు పక్కన పెట్టేశారు.

నా వాదన సూటిగా చెబుతాను. ఒక్కరిని ఎంచే ఈ పురస్కారాలు ఎత్తేయాలి. నిజమైన సేవ వీటి కంట పడదు. పడిన సేవ కొంతకాలానికి ఫోటోల కోసం చేసే పనిగా మారుతుంది.

చిట్టాపద్దు:

వాసి గారూ, ఆ నర్సమ్మగారికి అన్యాయం జరిగింది, కాదనను. కానీ రోగం ఒకటైతే మీరు మందు ఇంకొకదానికి వేస్తున్నారు. గంటలు ఎందుకు అడుగుతారో చూడండి.

పన్ను చట్టంలోని 501(సి)(8) సెక్షన్ కింద ఈ సొసైటీలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. శాఖల పద్ధతిలో నడవాలి, సభ్యులకూ వారిపై ఆధారపడినవారికీ మరణం, జబ్బు, ప్రమాదం వంటి సందర్భాల్లో ప్రయోజనాలు చెల్లించాలి. అదీ షరతు. కాథలిక్కుల నైట్స్ ఆఫ్ కొలంబస్, లూథరన్ల నుంచి పుట్టిన థ్రైవెంట్ వంటి సొసైటీలు ఈరోజు వేల కోట్ల డాలర్ల ఆస్తులున్న బీమా సంస్థలు. మామూలు బీమా కంపెనీలు పన్ను కడుతుంటే వీటికి మినహాయింపు ఎందుకన్న ప్రశ్న పాతదే. 1993లో అమెరికా ఖజానా శాఖ ఈ విషయంపై కాంగ్రెస్‌కు నివేదికే ఇచ్చింది. పెద్ద సొసైటీల బీమా వ్యాపారం వాణిజ్య కంపెనీల వ్యాపారాన్నే పోలి ఉందని అందులో ఉంది. అయినా మినహాయింపు నిలిచింది. మేము వేరు అని సొసైటీలు చెప్పుకోవడానికి ఆధారం శాఖలు చేసే పనే. నైట్స్ ఆఫ్ కొలంబస్ సభ్యులు ఏడాదిలో 7 కోట్ల గంటలకు పైగా సేవ చేశారని ఆ సంస్థ ప్రకటించిన సంవత్సరాలు ఉన్నాయి. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరో ఒక సభ్యుడు ఓపికగా కూర్చుని రాస్తేనే కదా! పురస్కారం అనే ఆశ లేకపోతే ఆ కాగితం ఎవరు నింపుతారు?

లెక్క రాయడం అవమానం అనుకోకండి. లెక్క లేని సంఘం మొదట నష్టపరిచేది బీద సభ్యుడినే.

నల్లరేగడి:

ఇద్దరూ ఒక మాట దాటేశారు. ఇప్పుడు మనం సేవ అంటున్నది ఈ సంఘాల తొలినాళ్లలో సేవ కాదు, వంతు.

1868లో పెన్సిల్వేనియాలోని మీడ్‌విల్‌లో జాన్ జోర్డన్ అప్‌చర్చ్ అనే రైల్వే మెకానిక్ 'ఏన్షియంట్ ఆర్డర్ ఆఫ్ యునైటెడ్ వర్క్‌మెన్' స్థాపించాడు. సభ్యుడు చనిపోతే మిగిలినవారు తలా ఒక డాలరు వేసుకునేవారు. అలా పోగైన దానిలోంచి కుటుంబానికి 2,000 డాలర్ల వరకు ముట్టేది. ఆ కాలపు శాఖల్లో జబ్బుపడిన సభ్యుడిని చూసి రావడానికి పరామర్శ కమిటీలు ఉండేవి. వంతు తప్పినవారికి జరిమానా వేసిన శాఖలూ ఉన్నాయి. ఈ వారం నేను నీ మంచం పక్కన కూర్చున్నాను, వచ్చే ఏడాది నువ్వు నా పక్కన కూర్చుంటావు. ఇందులో ఎవరు ఎవరిని సన్మానించాలి?

మరి అందరికంటే ఎక్కువ చేసేవారి మాటేమిటి అంటారు. దానికి నాకు తెలిసిన గొప్ప జవాబు మ్యాగీ లీనా వాకర్. వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో నల్లజాతివారి సోదర సంఘం 'ఇండిపెండెంట్ ఆర్డర్ ఆఫ్ సెయింట్ లూక్'. ఆమె పద్నాలుగో ఏటే అందులో చేరింది. తల్లి బట్టలు ఉతికి బతికిన మనిషి. శాఖలో చిన్న పనుల నుంచి పైకి వచ్చింది, పిల్లల విభాగం నిలబెట్టింది. 1899లో సంఘం ఆమెను ప్రధాన కార్యదర్శిని చేసింది. అప్పటికి ఖజానాలో ఉన్నది 31 డాలర్ల 61 సెంట్లు, అప్పు 400 డాలర్లు. అంతకుముందు ఆ పదవికి 300 డాలర్ల జీతం ఉండేది, ఆమెకు ఇచ్చింది 100. ఆమె 1902లో పత్రిక పెట్టింది, 1903లో సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు తెరిచి దానికి అధ్యక్షురాలైంది. ఆ సంఘం ఆమెకు జ్ఞాపిక ఇచ్చి ఊరుకుని ఉంటే ఏమయ్యేది? తాళాలు చేతికిచ్చింది. గుర్తింపు అంటే నా దృష్టిలో అదీ. జీతం కోయడం మాత్రం సిగ్గుచేటే.

విస్కాన్సిన్ వాసి:

నల్లరేగడి గారూ, చాలా మంచి మాట. కానీ తాళాలు ఇచ్చే అవకాశం ఇప్పుడు ఏది? పెద్ద సొసైటీల్లో పెత్తనమంతా కేంద్ర కార్యాలయంలో జీతగాళ్లది. శాఖకు మిగిలింది జ్ఞాపికలే.

ఇంకొకటి కూడా ఉంది. న్యూ హేవెన్‌లో 1882లో ఫాదర్ మెక్‌గివ్నీ నైట్స్ ఆఫ్ కొలంబస్ పెట్టింది సంపాదించే మనిషి పోతే భార్యాపిల్లలు వీధిన పడకూడదని. ఇప్పుడు అదే సంస్థలో శాఖకు ఇచ్చే 'స్టార్ కౌన్సిల్' గౌరవానికి సేవా కార్యక్రమాలు చాలవు. కొత్త సభ్యుల చేరిక చూడాలి, బీమా వైపు లక్ష్యమూ తీరాలి. సంస్థ నిలవాలంటే పాలసీలు కావాలి, అర్థం చేసుకోగలను. కానీ రెండింటినీ ఒకే బిళ్లలో కరిగించి పోయడం నాకు నచ్చదు. రోగిని చూసి వచ్చినవాడినీ పాలసీ కట్టించినవాడినీ ఒకే వేదిక మీద ఒకే పేరుతో పిలిస్తే మొదటివాడి పని చిన్నబోతుంది.

హనుమకొండ పొదుపరి:

మీ చర్చ చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. అమెరికా సంగతులు మీకే బాగా తెలుసు. మావి పరస్పర సహాయక సహకార సంఘాలు, 1995 చట్టం కింద రిజిస్టరైనవి. సర్కారు వాటాధనం ఉండదు, మా పొదుపే మా పెట్టుబడి. సభ్యురాలు చనిపోతే ఆమె అప్పు ఇంటివాళ్ల మీద పడకుండా ఉమ్మడి నిధి పెట్టుకున్న సంఘాలు మా ప్రాంతంలో ఉన్నాయి. మీరు చెప్పిన తలా ఒక డాలరుకు ఇది దగ్గరి చుట్టమే.

వాసి గారు పురస్కారాలు ఎత్తేయమన్నారు. అన్నా, మీ ఇంట్లో మీ పనికి ఎప్పుడూ ఎవరో ఒకరు విలువ ఇచ్చే ఉంటారు. మా పాలకవర్గంలో ఉన్న ఆడవాళ్లలో చాలామంది పేరు ఊళ్లో పలానా వాడి భార్య, పలానా వాడి తల్లి. వార్షిక మహాసభలో వందల మంది ముందు ఆమె సొంత పేరు ఇంటిపేరుతో సహా మైకులో పిలిచి శాలువా కప్పినప్పుడు, వెనక నిలబడ్డ ఆమె మొగుడు కూడా వింటాడు. మరుసటి నెల సమావేశానికి పోతానంటే ఆ ఇంట్లో అడ్డు చెప్పడం తగ్గుతుంది. ఇది నేను చూసినది. పొదుపు వసూలుకు పొద్దుగూకాక ఇల్లిల్లూ తిరిగే మనిషికి ఆ పిలుపు చిన్న విషయం అనకండి. వేదికలు అలవాటైనవాళ్లు వేదిక వద్దనడం తేలిక.

శాన్ హోసే తల్లి:

పొదుపరి గారు చెప్పింది మనసుకు తగిలింది. అయినా గంటల లెక్క పిల్లల్ని ఏం చేస్తుందో చెప్పాలి. ఇక్కడి తెలుగు ఇళ్లలో 'ప్రెసిడెంట్స్ వాలంటీర్ సర్వీస్ అవార్డు' తెలియనివారు తక్కువ. అమెరికా అధ్యక్షుడి పేరిట, సేవ చేసిన గంటలను బట్టి ఇచ్చిన ఈ గౌరవం 2003లో మొదలైంది, 2025లో ఆపారు. పెద్దలకైతే ఏడాదికి 100 గంటలు దాటితే కంచు, 250 దాటితే వెండి, 500 దాటితే బంగారు పతకం ఉండేది. పిల్లలకు అంతకంటే తక్కువ. కాలేజీ దరఖాస్తులో పెట్టుకోవచ్చని తల్లిదండ్రులమే వెంటపడేవాళ్లం. మేము వెళ్లే ఒక సేవా సంస్థలో పిల్లలు గుడ్డసంచులు మడతపెడుతూ గోడ గడియారం వంక చూస్తుండేవారు. గంట నిండగానే సంతకం కోసం వరుస కట్టేవారు. పక్కన పెద్దావిడ ఒంటరిగా పెట్టెలు మోస్తున్నా తలెత్తేవారు కాదు. తప్పు పిల్లలది కాదు. మనం కొలిచింది వాళ్లు ఇచ్చారు.

చిట్టాపద్దు:

అందుకే కొలత మార్చమంటాను, కొలవడం మానమనను. థ్రైవెంట్‌లో 'యాక్షన్ టీమ్' పద్ధతి చూడండి. ఊళ్లో ఫలానా పని చేస్తానని సభ్యుడు ముందే దరఖాస్తు పెడితే 250 డాలర్ల విత్తనం డబ్బు ఇస్తారు. పని మొదలుకాకముందే నమ్మకం చూపించడం అది. మీ నర్సమ్మగారికి అలా పెట్రోలు ఖర్చు ముందే ఇస్తే ఆమె జ్ఞాపిక గురించి అడుగుతారా?

విస్కాన్సిన్ వాసి:

పొదుపరి గారి మాటతో నేను కొంత మెత్తబడ్డాను. ఎత్తేయాలన్న మాట వెనక్కి తీసుకోను, కానీ అన్ని సంఘాలకూ ఒకే మందు అనను. పేరు ఎప్పుడూ వినబడనివారి పేరు పిలవండి. ఎప్పుడూ వినబడేవారిని మళ్లీ పిలవడం ఆపండి.

మా శాఖలో పెట్టబోయే తీర్మానం ఇది. దరఖాస్తు శాఖ కార్యదర్శి నింపకూడదు, సేవ అందుకున్న సభ్యుడు చెప్పాలి. గంటల గడి తీసేయాలి. బీమా లక్ష్యాలకూ దీనికీ సంబంధం ఉండకూడదు. ఎంపికైనవారికి వచ్చే ఏడాది పరామర్శ నిధి ఎలా ఖర్చు చేయాలో నిర్ణయించే అధికారం ఇవ్వాలి. ఇది నల్లరేగడి గారి నుంచి తీసుకున్నది.

చిట్టాపద్దు:

సేవ అందుకున్నవారు చెప్పాలంటున్నారు. మంచం మీద ఉండి మాట పడిపోయినవారి సంగతి? కన్నుమూసినవారి సంగతి? అలాంటివారి దగ్గర ఎక్కువకాలం ఉన్న సేవకులే మళ్లీ లెక్కలోకి రారు.

హనుమకొండ పొదుపరి:

ఇంటివాళ్లు చెప్తారు. మాకు తెలిసినంతలో వాళ్లే ఎక్కువ చెప్తారు. కాకపోతే ఇంట్లో దుఃఖం తగ్గేదాకా ఆగాలి, దరఖాస్తుకు గడువు పెట్టకండి.

నల్లరేగడి:

గడువు లేని దరఖాస్తును ఏ సమాఖ్యా ఒప్పుకోదు. వాసి గారూ, తీర్మానాన్ని శాఖ వరకే ఉంచండి. నిధి అధికారం అనే అంశాన్ని మాత్రం ఓటుకు పెట్టకముందే మీ సొసైటీ నియమావళితో సరిచూడండి. నిధుల మీద సంతకం ఎవరిదో అందులో ఉంటుంది. దాన్ని దాటితే మొత్తం తీర్మానం కొట్టేస్తారు.