స్వాన్సీ గ్రామర్ స్కూలు, నేటి బిషప్ గోర్ స్కూలు: ఒకే చరిత్రా? పూర్వ విద్యార్థుల పేర్లు సరిచూసేదెలా?

పుటలమూట (ప్రశ్న):

వేల్స్‌లోని స్వాన్సీ గ్రామర్ స్కూలు మీద తెలుగులో సమగ్ర వ్యాసం సిద్ధమవుతోంది. రెండు చోట్ల పని ఆగింది. స్థాపన 1682 అంటారు, కానీ ఇప్పటి బిషప్ గోర్ స్కూలు వేరే చోట, వేరే పేరుతో, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి చదివే బడిగా ఉంది. రెంటినీ ఒకే సంస్థగా రాయవచ్చా? ఇక పూర్వ విద్యార్థుల సంగతి. దొరికిన జాబితాల్లో కవి డిలన్ థామస్, డేనియల్ జోన్స్, వెర్నన్ వాట్కిన్స్, ఎర్నెస్ట్ జోన్స్, మార్టిన్ అమిస్, హ్యారీ సీకమ్, రోవన్ విలియమ్స్ అందరూ ఉన్నారు. వీరిలో ఎవరిని ఉంచాలి, ఎవరిని తీసేయాలి?

గడియారస్తంభం:

ఒకే వ్యాసంగా రాయండి. అయితే భవనం, పేరు, బడి రకం అనే మూడింటినీ విడివిడిగా నడిపించండి. ఇవి మూడూ ఒకే ఏడాది మారలేదు కాబట్టే జాబితాలన్నీ గందరగోళంగా ఉన్నాయి.

ఐర్లండ్‌లోని వాటర్‌ఫర్డ్, లిస్మోర్ పీఠాలకు బిషప్ అయిన హ్యూ గోర్ 1682లో దీన్ని పెట్టారు. పట్టణంలో పౌరహక్కులుండీ పేదరికంలో ఉన్న బర్జెస్‌ల కొడుకులకు ఉచితంగా చదువు చెప్పడం ఉద్దేశం. ఇక్కడ 'గ్రామర్' అంటే లాటిన్ వ్యాకరణం. 1944 తరువాతి అర్థం (పదకొండేళ్ల పిల్లలను పరీక్షతో ఎంపిక చేసుకునే బడి) వేరు, ఆ అర్థాన్ని వెనక్కి తీసుకెళ్లి 17వ శతాబ్దానికి అంటించకూడదు. 1853లో మౌంట్ ప్లెజెంట్ గుట్ట మీద కొత్త కట్టడం వచ్చింది. డిలన్ థామస్ చదివింది అందులోనే. 1941 ఫిబ్రవరి 19, 20, 21 రాత్రుల్లో జర్మన్ విమానాలు స్వాన్సీ నడిబొడ్డును తగలబెట్టినప్పుడు ఆ కట్టడం చాలావరకు పోయింది. బడి 1952లో స్కెట్టీ వైపు, డి లా బెష్ రోడ్డులోని ఇప్పటి చోటికి చేరింది. 1970ల మొదట్లో మరికొన్ని బడులతో కలిసి, పరీక్ష లేకుండా అందరినీ చేర్చుకునే కాంప్రహెన్సివ్ స్కూలుగా మారింది.

అందువల్ల 'డిలన్ థామస్ ఈ భవనంలో చదివారు' అని స్కెట్టీ బడి ఫొటో కింద రాయడం తప్పు. ఇది చాలా వ్యాసాల్లో కనిపిస్తుంది.

నేపథ్యం కింద 1889 నాటి వెల్ష్ ఇంటర్మీడియట్ విద్యా చట్టానికి తప్పకుండా ఒక పేరా కేటాయించండి. లార్డ్ అబెర్‌డేర్ కమిటీ 1881లో ఇచ్చిన నివేదిక దీనికి మూలం. స్థానిక సంస్థలు ఆస్తి విలువలో ప్రతి పౌండుకు అర పెన్నీ చొప్పున పన్ను వేయవచ్చు, అలా వచ్చిన సొమ్ముకు సమానంగా ప్రభుత్వ ఖజానా గ్రాంటు ఇస్తుంది. ఇంగ్లండుకు ఇలాంటి ఏర్పాటు 1902 దాకా లేదు. వేల్స్ ఉన్నత పాఠశాలల చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే, తెలుగులో దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడం బాధగా ఉంటుంది. ఈ చట్టం కింద నడిచే బడుల తనిఖీకి, పరీక్షలకు 1896లో సెంట్రల్ వెల్ష్ బోర్డు ఏర్పడింది. 1948లో వెల్ష్ జాయింట్ ఎడ్యుకేషన్ కమిటీ వచ్చి పరీక్షల బాధ్యత తీసుకుంది.

అచ్చుతప్పు:

పేర్ల గురించి. మీ ఏడుగురిలో ఇద్దరిని వెంటనే తీసేయండి. హాస్యనటుడు హ్యారీ సీకమ్, కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌గా పనిచేసిన రోవన్ విలియమ్స్ చదివింది స్వాన్సీలోనే, కానీ డినెవర్ స్కూల్లో. అది వేరే బడి. ఊరు ఒకటే కావడంతో రెండు జాబితాలూ కలిసిపోతుంటాయి.

మిగతా ఐదుగురూ నిజమే, కానీ వాళ్ల అనుబంధాలు ఒక స్థాయివి కావు. డిలన్ థామస్ 1925 నుంచి 1931 దాకా ఇక్కడే చదివారు, బడి పత్రికకు సంపాదకుడు, తండ్రి డి. జె. థామస్ అక్కడే ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు. సంగీత స్వరకర్త డేనియల్ జోన్స్ ఆయన బడి స్నేహితుడు. కవి వెర్నన్ వాట్కిన్స్ మాత్రం దాదాపు ఒక్క ఏడాదే ఉండి ఇంగ్లండులోని బోర్డింగ్ బడులకు వెళ్లారు. ఫ్రాయిడ్ శిష్యుడు ఎర్నెస్ట్ జోన్స్ ఇక్కడి నుంచి లాండవరీ కాలేజీకి మారారు. నవలా రచయిత మార్టిన్ అమిస్, తండ్రి కింగ్‌స్లీ అమిస్ స్వాన్సీ యూనివర్సిటీ కాలేజీలో పాఠాలు చెబుతున్న రోజుల్లో కొద్దికాలమే చదివారు. జాబితాలో పేరు పక్కన 'ఎప్పటి నుంచి ఎప్పటి దాకా' అనే గడి పెట్టండి. ఏళ్లు దొరకకపోతే 'కొంతకాలం' అని రాయండి. ఖాళీగా వదిలేస్తే చదివేవాళ్లు పూర్తి చదువు అక్కడే అనుకుంటారు.

సరిచూసే వరుస ఇలా పెట్టుకోండి. ముందు నేషనల్ లైబ్రరీ ఆఫ్ వేల్స్ నడిపే వెల్ష్ జీవితచరిత్ర కోశం చూడండి, ఉచితం, వెల్ష్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ ఉంటుంది. ప్రతి వ్యాసంలో సాధారణంగా బడి పేరు ఇస్తారు. కానీ బతికున్నవాళ్లు ఉండరు. తరువాత అదే లైబ్రరీవారి వెల్ష్ వార్తాపత్రికల సైటు: 11 లక్షలకు పైగా పేజీలు, 1919 దాకా. 1804లో మొదలైన స్వాన్సీ వారపత్రిక 'ది కేంబ్రియన్' అందులో ఉంది. బహుమతి ప్రదానం, సెంట్రల్ వెల్ష్ బోర్డు ఫలితాలు అనే వార్తల్లో విద్యార్థుల పేర్లు వరుసగా అచ్చువేసేవారు. పాత అచ్చును యంత్రం చదివిన పాఠం కాబట్టి అక్షరదోషాలు ఎక్కువ. ఇంటిపేరు ఒక్కటే ఇచ్చి, సంవత్సరాల పరిధి మూడేళ్లకు కుదించి వెతికితేనే పని అవుతుంది. పూర్తిపేరుతో వెతికి 'లేదు' అని తేల్చేయవద్దు.

జోన్స్, డేవిస్, విలియమ్స్ అనే ఇంటిపేర్లు అక్కడ లెక్కలేనన్ని. పేరు కలిసిందని మనిషి అతనే అనుకోకండి. ఇంటి వీధి, తండ్రి వృత్తి, పుట్టిన ఏడు, వీటిలో కనీసం రెండు కలవాలి.

కొండవాగు:

రికార్డుల కోసం రాసేటప్పుడు చిరునామా తప్పితే నెలలు పోతాయి. స్వాన్సీ చారిత్రకంగా గ్లమోర్గన్ కౌంటీలోది కదా అని కార్డిఫ్‌లోని గ్లమోర్గన్ ఆర్కైవ్స్‌కు రాస్తారు. స్వాన్సీ 1889 నుంచి కౌంటీ బరో, అంటే కౌంటీకి లోబడకుండా సొంత పాలన ఉన్న పట్టణం. 1974లో వెస్ట్ గ్లమోర్గన్ కౌంటీ ఏర్పడింది, 1996లో అది రద్దయి స్వాన్సీ మళ్లీ సొంత పాలనలోకి వచ్చింది. కౌంటీ పోయినా పేరు ఆర్కైవ్‌కు మిగిలింది, కాబట్టి అడగాల్సింది వెస్ట్ గ్లమోర్గన్ ఆర్కైవ్ సర్వీస్‌ను. అడ్మిషన్ రిజిస్టర్లను సాధారణంగా నూరేళ్ల దాకా బయటివాళ్లకు చూపరు. కట్టడం కాలిపోయిన బడి కనుక, రిజిస్టర్‌లో పేరు దొరకకపోవడాన్ని 'చదవలేదు' అనడానికి రుజువుగా వాడకండి.

ఇంకొకటి, వెల్ష్ భాషలో వెతికేటప్పుడు. బడి 'అస్గోల్'. ఇది స్త్రీలింగం, తరువాతి విశేషణం మొదటి హల్లును మెత్తబరుస్తుంది. 'కవిన్' అంటే కాంప్రహెన్సివ్, కానీ బడి పేరులో 'అస్గోల్ గవిన్' అవుతుంది. 'గ్రమాదెగ్' లోని గకారం మాయమై 'అస్గోల్ రమాదెగ్' అవుతుంది. మన సరళాదేశ సంధి గుర్తుంటే ఇది కష్టం కాదు: పూచెను కలువలు, పూచెను గలువలు. ఊళ్ల పేర్లూ ఇంతే. కార్డిఫ్ వెల్ష్‌లో 'కైర్‌డీద్', 'కార్డిఫ్‌కు' అంటే 'ఇ గైర్‌డీద్'. మొదటి అక్షరం మార్చి రెండోసారి వెతకకపోతే సగం ఫలితాలు రావు. స్వాన్సీ వెల్ష్ పేరు 'అబెర్టావె' అచ్చుతో మొదలవుతుంది కాబట్టి ఈ మెత్తబడటం దానికి వర్తించదు.

పుటలమూట:

చాలా ఉపయోగం. చివరిగా ఒకటి. '1682 నుంచి పేదలకు ఉచితం' అని ఒక వాక్యం రాశాను. డిలన్ థామస్ కాలానికి అది నిలుస్తుందా?

గడియారస్తంభం:

నిలవదు, తీసేయండి. స్థాపకుడి ఉద్దేశం ఉచితమే, కానీ 20వ శతాబ్దం మొదటి సగంలో ఇలాంటి బడుల్లో ఫీజు ఉండేది. 1907 నిబంధనల ప్రకారం పూర్తి గ్రాంటు కావాలంటే నాలుగో వంతు సీట్లు ప్రభుత్వ ప్రాథమిక బడుల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. 1932లో ప్రభుత్వం ఆ ఉచిత సీట్లను 'ప్రత్యేక సీట్లు'గా మార్చి, తల్లిదండ్రుల ఆదాయాన్ని బట్టి ఫీజు కట్టించింది. వేల్స్‌లో దీనిమీద గట్టి నిరసన వచ్చింది. ప్రభుత్వ సెకండరీ బడుల్లో ఫీజు పూర్తిగా పోయింది 1944 విద్యా చట్టంతోనే. పదకొండేళ్లకు రాసే ఎంపిక పరీక్ష ఆ తరువాతి కథ.

పరీక్షల పేర్లు కూడా తేదీలు పట్టిస్తాయి. పదహారేళ్ల వయసులో రాసే 'ఓ లెవల్' 1951లో మొదలైంది, అంతకుముందు 'స్కూల్ సర్టిఫికెట్'. 1930లలో చదివినవారు ఓ లెవల్ పాసయ్యారని ఏ జాబితాలోనైనా కనిపిస్తే, ఆ పేరాలోని మిగతా వివరాలను కూడా మళ్లీ సరిచూశాకే వాడండి.