చంద్రుడు భూమిని వదిలేసి పోతున్నాడు – ప్రోగ్రాంలో తప్పెక్కడ?

చుక్కలతోట:
సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకదాన్నొకటి లాక్కునే లెక్క, పైథాన్‌లో. టైమ్ స్టెప్ (ఒక్కో అడుగులో లెక్క ముందుకు జరిగే కాలం) ఒక రోజు, అంటే 86,400 సెకన్లు. ప్రతి స్టెప్పులో పాత వేగంతో స్థానం జరిపి, పాత స్థానం దగ్గరి త్వరణంతో వేగం మారుస్తున్నాను. మొదట్లో సూర్యుడి వేగం సున్నా, భూమికి సెకనుకు 29.78 కి.మీ., చంద్రుడికి దాని మీద ఇంకో 1.022 కి.మీ. (పౌర్ణమి స్థానంలో మొదలు). నెలా రెండు నెలల్లో చంద్రుడు చేజారిపోతున్నాడు, భూమి కక్ష్య కూడా ఉబ్బుతోంది. పైగా చంద్రుడి మీద సూర్యుడి వల్ల త్వరణం 0.0059 మీ/సె², భూమి వల్ల 0.0027 అని వస్తోంది. సూర్యుడే రెట్టింపుకు మించి లాగుతుంటే చంద్రుడు వెళ్లిపోవడమే సరైన జవాబా?

వక్రరేఖ:
ఆ రెండు అంకెలూ కరెక్టే. కానీ సూర్యుడు చంద్రుణ్ని ఎంత లాగుతున్నాడో భూమినీ దాదాపు అంతే లాగుతున్నాడు, రెండూ కలిసే సూర్యుడి వైపు పడుతున్నాయి. చంద్రుణ్ని భూమి నుంచి విడదీసేది ఆ రెండు లాగుళ్ల మధ్య తేడా మాత్రమే: మహా అయితే 0.00003, భూమి పట్టులో తొంభయ్యో వంతు. కాబట్టి సూర్యుడిది తప్పు కాదు.

తప్పు మీరు వాడిన పద్ధతిది. పాత వేగం, పాత త్వరణాలతోనే ముందుకు జరిపే దీన్ని ఆయిలర్ పద్ధతి అంటారు. వృత్తం మీదున్న వస్తువును స్పర్శరేఖ వెంట రోజంతా నేరుగా నడిపిస్తున్నారు. స్పర్శరేఖ మీద ఎటు నడిచినా వృత్తం బయటికే చేరతాం. భూమి రోజుకు ఒక డిగ్రీయే తిరుగుతుంది కాబట్టి ఏడాదికి కక్ష్య 18 శాతం దాకా పెరిగి ఊరుకుంటుంది. చంద్రుడు రోజుకు 13 డిగ్రీలు తిరుగుతాడు. మొదటి స్టెప్పులోనే అతణ్ని భూమికి కట్టి ఉంచే బంధన శక్తిలో పదో వంతు ఎగిరిపోతుంది.

లీప్‌ఫ్రాగ్ అనే పద్ధతికి మారండి. సగం స్టెప్పు మేర వేగం మార్చండి, ఆ వేగంతో పూర్తి స్టెప్పు స్థానం జరపండి, కొత్త స్థానాల దగ్గర త్వరణాలు మళ్లీ లెక్కగట్టి మిగతా సగం వేగం మార్చండి. స్టెప్పు 3,600 సెకన్లకు తగ్గిస్తే చంద్రుడి ఒక చుట్టుకు 656 స్టెప్పులు వస్తాయి, ఈ పనికి చాలు.

ముఖ్యంగా, మూడింటి త్వరణాలూ ముందు లెక్కగట్టి ఆ తర్వాతే ఏదైనా కదిలించాలి. లూప్‌లో భూమిని జరిపేసి, జరిగిన భూమితో చంద్రుడి త్వరణం కడితే చర్యకూ ప్రతిచర్యకూ పొంతన ఉండదు. మొత్తం ద్రవ్యవేగం ప్రింట్ చేసి చూడండి. అది పదిహేనో అంకె దగ్గర కాకుండా ముందే మారుతుంటే ఈ పొరపాటే.

గురుత్వకేంద్రం:
పద్ధతి మార్చినా మీ మొదటి విలువలతో ఏడాది పొడవు సుమారు 11 గంటలు ఎక్కువ వస్తుంది. 29.78 అనేది భూమి వేగం కాదండి, భూమి–చంద్రుల ఉమ్మడి కేంద్రం వేగం. 1,022 మీటర్లను ద్రవ్యరాశుల ప్రకారం పంచాలి: భూమికి 12.4 మీ/సె తగ్గించండి, చంద్రుడికి 1,009.6 కలపండి. ఆ కేంద్రం భూమి లోపలే, మధ్యబిందువుకు 4,670 కి.మీ. దూరంలో ఉంటుంది. స్థానాలకూ ఇదే వర్తిస్తుంది.

సూర్యుణ్ని సున్నా వేగంతో వదిలేయడం రెండో లోపం. భూమికి ఎదురు దిశలో సెకనుకు 9 సెంటీమీటర్లు ఇవ్వాలి. ఇవ్వకపోతే వ్యవస్థ మొత్తం ఏడాదికి 2,800 కి.మీ. పక్కకు కొట్టుకుపోతుంది. బొమ్మలో కనపడదు, పదేళ్ల స్థానాలను పోల్చినప్పుడు తగులుతుంది.

జీ (గురుత్వ స్థిరాంకం), ఎం (ద్రవ్యరాశి) విడివిడిగా తీసుకుని గుణించకండి. జీ విలువ నాలుగైదు అంకెల వరకే నమ్మదగ్గది. జీఎం లబ్ధం నేరుగా కదలికల నుంచి వస్తుంది కాబట్టి అంతకంటే ఎంతో కచ్చితం. సూర్యుడికి 1.327 × 10²⁰, భూమికి 3.986 × 10¹⁴, చంద్రుడికి 4.903 × 10¹² మీ³/సె².

చుక్కలతోట:
లీప్‌ఫ్రాగ్ పెట్టాక నిలిచాడు, థాంక్సండీ. దీని బదులు నాలుగో శ్రేణి రుంగే–కుట్టా (ఒక్కో స్టెప్పులో త్వరణాలను నాలుగుసార్లు లెక్కగట్టే పద్ధతి) వాడితే ఇంకా మేలు కాదా? లెక్క సరిగ్గా ఉందని ఎలా తేల్చుకోవాలి?

వక్రరేఖ:
ఏడాది రెండేళ్లకైతే రుంగే–కుట్టాయే కచ్చితం. వందల ఏళ్లు నడిపితే దాని శక్తి దోషం (మారకూడని మొత్తం శక్తిలో వచ్చే తేడా) ఒకే దిశలో పేరుకుపోతుంది. లీప్‌ఫ్రాగ్‌లో ఆ దోషం ఊగుతుందే గానీ పేరుకోదు. నా ఓటు లీప్‌ఫ్రాగ్‌కే. స్టెప్పు సగం చేయండి, శక్తి దోషం నాలుగో వంతుకు పడాలి. సగానికే పడితే ఎక్కడో పాత త్వరణం వాడుతున్నట్టు.

32 బిట్ల (తక్కువ కచ్చితత్వపు) దశాంశ సంఖ్యల జోలికి మాత్రం పోకండి. 15 కోట్ల కి.మీ. దూరం దగ్గర అవి చూపగల కనీస తేడాయే 16 కి.మీ.

అసలు పరీక్ష మూడో అక్షం (పైకీ కిందికీ కదలిక) కలిపాక. చంద్రుడి కక్ష్యను 5.1 డిగ్రీలు వంచి, అది భూకక్ష్యా తలాన్ని దాటే రెండు బిందువులను గమనించండి. మన పంచాంగాల్లో రాహుకేతువులంటే అవే. సూర్యుడి ఆకర్షణ వల్ల అవి ఏడాదికి సగటున 19.3 డిగ్రీలు వెనక్కి జరిగి, 18.6 ఏళ్లకు ఒక చుట్టు పూర్తిచేయాలి. సూర్యుణ్ని తీసేసి నడపండి, కదలవు.