ఉమ్మడి మీటరుపై యూనిట్‌కు పది రూపాయలు వసూలు చేస్తుంటే ఏం చేయాలి?

ప్రశ్న: బోడుప్పల్‌లో ఒక ఇంటి కింది పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నాము. మూడు పోర్షన్లకూ కరెంటు మీటరు ఒక్కటే. సబ్‌మీటర్లు పెట్టి, యజమానిగారు యూనిట్‌కు పది రూపాయలు తీసుకుంటున్నారు. మా వాడకం నెలకు సుమారు 150 యూనిట్లు. ఇది కాక బోరు మోటారు ఖర్చును మూడు వాటాలు చేసి అడుగుతున్నారు. పైన కొత్తగా వేసిన స్లాబుకు రెండు పూటలా నీళ్లు పట్టేది కూడా ఆ మోటారుతోనే. బిల్లు చూపించమంటే మాట దాటవేస్తున్నారు. పిల్లల బడి దగ్గర కాబట్టి ఇల్లు మారే ఆలోచన లేదు. గొడవ లేకుండా ఎలా అడగాలి?

జవాబు 1: ముందు లెక్క చూడండి. తెలంగాణలో 2022–23లో సవరించిన ధరల ప్రకారం, సొంత మీటరుపై 150 యూనిట్లకు ఎనర్జీ చార్జీ, అంటే వాడిన యూనిట్ల ధర, 580 రూపాయలే. మిగిలిన ఇద్దరూ మీ అంతే వాడితే మొత్తం 450 యూనిట్లవుతుంది. 200 దాటినందున మొదటి యూనిట్ నుంచే 5.10 పడి, ఆపై యూనిట్లకు పెరిగే ధరలతో కలిపి 3,165 రూపాయలు వస్తుంది. ఈ అదనపు భారం ఉమ్మడి మీటరు వల్ల వచ్చేదే కాబట్టి దానికి ఆయనను తప్పుపట్టలేము. అయితే మోటారుకు మరో 100 యూనిట్లు అనుకున్నా చార్జీ 4,115 మాత్రమే. మీ ముగ్గురి నుంచి వసూలయ్యేది 4,500. అంటే పది రూపాయల్లోనే మోటారు ఖర్చు దాదాపు వచ్చేస్తుండగా, దానికి మళ్లీ వాటా అడగడం అన్యాయం.

జవాబు 2: యూఎస్‌సీ నంబరు (మీ ఇంటి కరెంటు కనెక్షన్ గుర్తింపు సంఖ్య) తెలిస్తే డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) వెబ్‌సైట్‌లో బిల్లు మీరే చూసుకోవచ్చు. రీడింగ్ తీసే రోజున మెయిన్ మీటరుకూ మూడు సబ్‌మీటర్లకూ ఫొటోలు తీయండి. మోటారు కూడా ఆ మీటరుపైనే ఉంటే, మెయిన్ యూనిట్లలోంచి సబ్‌మీటర్ల మొత్తం తీసివేయగా మిగిలేది చాలావరకు మోటారు వాడకమే. స్లాబు పని మొదలయ్యాక అది ఎంత పెరిగిందో చూపించి, ఆ పెరుగుదల ఆయనే భరించాలని మర్యాదగానే అడగండి.

జవాబు 3: సబ్‌మీటరు తగాదాలను డిస్కమ్ పట్టించుకోదు, అద్దె ఒప్పందంలో కరెంటు గురించి ఏం రాసుకున్నారన్నదే ముఖ్యం. విడి మీటరు అడగడం మేలు. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఇంట్లో నివసించేవారూ దరఖాస్తు చేయవచ్చు, యజమాని సమ్మతి పత్రం ఉంటే పని సులువవుతుంది. తెల్ల రేషన్ కార్డు ఉంటే, 200 యూనిట్ల లోపు వాడకానికి గృహజ్యోతి కింద సున్నా బిల్లు కూడా రావచ్చు. మాటలతో తేలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా రాజీకి ప్రయత్నించవచ్చు. అంతవరకు చెల్లింపు ఆపకండి. న్యాయమని తేలిన మొత్తాన్ని యూపీఐలో "కరెంటు చార్జీలు" అని రాసి పంపి, మిగిలిన దానికి లెక్క కోరుతూ వాట్సాప్‌లో సందేశం పెట్టండి.